మేకు దిగిన గోడ

ఒక బుట్ట నిండా స్ట్రాబెర్రీలు. పక్కన ఒక గ్లాసు మంచినీళ్లు. రెండు తెల్లని కార్నేషన్ పూలు, రెండు చెర్రీలు, ఒక పీచ్ పండు. 1761లో పారిస్‌లో జరిగిన ప్రదర్శనకు జాన్ సిమెయోన్ షార్దాన్ పంపిన ఈ చిన్న చిత్రం రెండున్నర శతాబ్దాల తరవాత, 2022 మార్చిలో వేలానికి వచ్చింది. రుసుములతో కలిపి 2 కోట్ల 44 లక్షల యూరోలు పలికింది. చిత్రం అమెరికాకు తరలిపోతుందనగా ఫ్రాన్స్ ప్రభుత్వం దాన్ని జాతి సంపదగా ప్రకటించి, దేశం దాటకుండా ఆపింది. అంత సొమ్ము కూడబెట్టే పని లూవ్ర్ మ్యూజియం నెత్తికెత్తుకుంది. సింహభాగం ఒక సంపన్న వ్యాపార సంస్థ ఇచ్చింది. మిగిలినదాంట్లో వేలమంది మామూలు మనుషులు తలా కొంత వేశారు. 2024లో ఆ బుట్ట లూవ్ర్ సొంతమైంది.

ఇంతకీ వాళ్లు కాపాడుకున్నది ఏమిటి? ఆ చిత్రం ఏ ఘటననూ చెప్పదు. అందులో మనిషే లేడు. గోపురంలా పేర్చిన పండ్ల మీద ఒక పక్కనుంచి వెలుతురు పడుతోంది, గ్లాసులో నీళ్లు నిలకడగా ఉన్నాయి. ఎవరో పండ్లు కోసి, ఏరి, పేర్చి, బల్లమీద పెట్టి వెళ్లారు. తినేవాళ్లు ఇంకా రాలేదు. ఆ కాసింత వ్యవధిని ఒక చిత్రకారుడు ఓపికగా చూశాడు. రోజూ ప్రతి ఇంట్లో వచ్చి, ఎవరి లెక్కలోకీ రాకుండా పోయే వ్యవధి అది. దానికి ఒక దేశం విలువ కట్టడం నిజంగా సంతోషించవలసిన సంగతి. అయితే ఆ విలువ బుట్టకు కట్టి, బుట్ట పేర్చిన చేతిని మరిచిపోతే చిత్రాన్ని సగమే చూసినట్టు. ఇంటి లోపలి ప్రశాంతతను బొమ్మ కట్టిన యూరప్ చిత్రకారులను ఆ రెండో సగం కోసం మళ్లీ చూడాలనిపిస్తోంది.

1667లో ఆంద్రే ఫెలిబియాన్ అనే పండితుడు ఫ్రెంచి రాజ అకాడమీ కోసం చిత్రకళకు ఒక మెట్ల వరస రాసిపెట్టాడు. అన్నిటికన్నా పైమెట్టు మీద పురాణాలు, బైబిలు, చరిత్ర. దాని కింది మెట్టు మీద మనుషుల రూపచిత్రాలు. ఇంకా కింద జంతువులు, ప్రకృతి దృశ్యాలు. అట్టడుగున పండ్లు, పూలు, కదలని వస్తువులు. రాజు యుద్ధానికి వెళ్లడం గొప్ప విషయం, ఆ సైన్యానికి వండిపెట్టిన కుండ అల్ప విషయం అన్నమాట. ఈ కొలబద్ద చిత్రకళ దగ్గరే ఆగిపోలేదు. ఇంట్లో జరిగే పనిని పనిగా లెక్కపెట్టని మన ఇప్పటి అలవాటుకూ ఆ మెట్ల వరసకూ దగ్గరి చుట్టరికం ఉంది. కుండను చిన్నచూపు చూసిన కన్నే కుండ తోమిన మనిషినీ అలాగే చూసింది.

షార్దాన్ 1699లో పుట్టాడు. తండ్రి వడ్రంగి, బిలియర్డ్స్ బల్లలు చేసేవాడు. 1728లో అకాడమీ ఆయన్ని జంతువులూ పండ్లూ చిత్రించడంలో నేర్పరిగా గుర్తించి చేర్చుకుంది. అంటే తలుపు తీసింది గానీ, కూర్చోబెట్టింది కింది మెట్టు మీదే. కాలక్రమంలో ఆయన అకాడమీకి కోశాధికారి అయ్యాడు. ప్రదర్శనల్లో ఎవరి చిత్రం ఏ గోడమీద ఏ ఎత్తున ఉండాలో చూసే బాధ్యతా ఆయనదే. హోదా ఎంత పెరిగినా చిత్రాల్లోకి వచ్చే సామాను మాత్రం పెద్దగా మారలేదు. రాగి గిన్నె, వెండి గ్లాసు, మట్టి కూజా, గుడ్లు, ఉల్లిపాయలు, చిన్న రోలు, రోకలి. లూవ్ర్‌లోనే ఆయన వేసిన రాగి నీళ్లతొట్టి బొమ్మ ఒకటుంది, చిన్న చెక్క పలక మీద. మూడు కాళ్ల పీట మీద నిలబెట్టి, కొళాయి బిగించిన తొట్టి. పక్కన బకెట్టు, ఓ కూజా. ఇంట్లోకి నీళ్లు ఎవరో మోసుకొచ్చి పోస్తే తప్ప ఆ కొళాయి తిప్పే వీలులేని కాలం. అది తెలిసి చూస్తే ఆ రాగి మీద మెరుపు వెనక భుజాల బరువు తెలుస్తుంది.

ఆయన పని పద్ధతి గురించి స్నేహితుడు కొషాన్ రాసిపెట్టిన ముచ్చట ఒకటి నాకు చాలా ఇష్టం. కుర్రతనంలో షార్దాన్‌కు వేటాడి తెచ్చిన కుందేలును చిత్రించవలసి వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవాలంటే అంతకుముందు తాను చూసిన బొమ్మలన్నిటినీ, వేరేవాళ్లు బొచ్చును ఎలా వేశారన్న సంగతినీ మరిచిపోవాలనుకున్నాడట. దూరంగా పెట్టి, వెంట్రుకలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టకుండా, మొత్తం రంగునూ నీడలనూ చూశాడు. ఒక వస్తువును చూడటానికి తనకు ముందే తెలిసిందంతా పక్కన పెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. మనం రోజూ వాడే చెంబును చూడం, చెంబు అని గుర్తుపట్టి ఊరుకుంటాం. షార్దాన్ గుర్తుపట్టడం దగ్గర ఆగలేదు. 1763 ప్రదర్శనలో ఆయన వేసిన ఆలివ్ కాయల జాడీని చూసి దిదెరో అంతటి విమర్శకుడు చేతులెత్తి మొక్కినంత పని చేశాడు. దగ్గరికి వెళితే అన్నీ మసకబారిన రంగు పూతలు, వెనక్కి జరిగితే జాడీ, నీళ్లు, కాయలు మళ్లీ కుదురుకోవడం ఆయన్ని ఆశ్చర్యంలో ముంచింది. 1895 ప్రాంతంలో యువకుడైన మార్సెల్ ప్రూస్ట్ షార్దాన్ మీద ఒక వ్యాసం రాశాడు. భోజనాలయ్యాక ఎత్తని బల్లను చూసి విసుగెత్తిపోయే ఒక కుర్రవాణ్ని ఊహించుకుని, అతణ్ని లూవ్ర్‌కు తీసుకువెళ్లి షార్దాన్ ముందు నిలబెడతానంటాడు. తిరిగి వచ్చాక అతనికి ఆ బల్లే వేరుగా కనిపిస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం నాకూ ఉంది.

ఇవన్నీ కష్టమెరగని ఇంట్లో పుట్టిన బొమ్మలని అనుకోవద్దు. 1731లో పెళ్లయింది. నాలుగేళ్లకే, 1735లో, భార్య పోయింది. ఆ తరవాత కొద్ది కాలానికి పసికూతురూ పోయింది. తల్లి పిల్లలకు అన్నం పెట్టే ముందు చేతులు జోడించడం నేర్పుతున్న సుప్రసిద్ధ చిత్రం ఆ నష్టాల తరవాత వేసినదే. 1740లో దాన్ని ఆయన పదిహేనవ లూయీ రాజుకు సమర్పించాడు. చిత్రంలో చిన్నపిల్లాడి కుర్చీకి ఆటడోలు వేలాడుతోంది. తల్లి గిన్నెలో సూప్ వడ్డిస్తూ, వాడు ప్రార్థన సరిగ్గా చెప్పాడా అని ఓరకంట చూస్తోంది. తన ఇంట్లో తెగిపోయినదాన్ని ఆయన ఇక్కడ కట్టుకున్నాడా? అలా అని తేల్చి చెప్పడానికి ఆధారం లేదు. తండ్రి కింది మెట్టు మీద ఉన్నా కొడుకైనా పైమెట్టు ఎక్కాలనుకున్న మాట మాత్రం నిజం. కొడుకు చరిత్ర చిత్రాలు నేర్చుకున్నాడు, 1754లో రోమ్ బహుమతి గెలిచాడు, చివరికి వెనిస్‌లో నీళ్లపాలయ్యాడు. ముసలితనంలో నూనెరంగులు కళ్లకు పడక షార్దాన్ పాస్టెల్ పట్టుకున్నాడు. 1771లో కళ్లజోడుతో, 1775లో నుదుటి మీద వెలుతురు అడ్డు కట్టుకుని తన మొహం తానే వేసుకున్నాడు. ఇన్నేళ్లు గిన్నెలను ఎంత నిదానంగా చూశాడో తన ముడతలనూ అంతే నిదానంగా చూశాడు.

అంతకు నూరేళ్ల ముందు హాలెండులో, డెల్ఫ్ట్ పట్టణంలో, యోహన్నెస్ వెర్మీర్ పాలు పోసే పనిమనిషిని చిత్రించాడు. 1660 ప్రాంతపు ఆ చిత్రం ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. నిలువు 45.5 సెంటీమీటర్లు, అడ్డం 41. మన ఇళ్లలో వేలాడే పెద్ద క్యాలెండరంత కూడా ఉండదు. ఎడమ పక్క కిటికీ, అందులో పగిలిన ఒక అద్దం ముక్క. గోడకు ఒక అల్లిక బుట్ట, ఇత్తడి పాత్ర. బల్లమీద రొట్టెలు. పసుపు రవిక తొడుక్కున్న ఆ స్త్రీ చేతులు పైకి మడుచుకుని మట్టి కూజాలోంచి గిన్నెలోకి పాలు వంచుతోంది. నిలవ రొట్టెను పాలలో నానబెట్టి ఏదో తీపి చేస్తోందని కొందరు పరిశోధకుల ఊహ. ధార సన్నగా ఉంది. ఆమె కళ్లు దాని మీదే ఉన్నాయి. ముంజేతుల దగ్గర చర్మం ఎండకూ నీళ్లకూ ఓర్చి రంగు మారింది, మడిచిన చేతి పైన తెల్లగా ఉంది. చిత్రకారుడు అందాన్ని అరువు తెచ్చి ఆమెకు తొడగలేదు. పని చేసే చేయి ఎలా ఉంటుందో అలాగే ఉంచాడు.

ఇప్పుడు ఆ గోడను చూడండి. బొమ్మలో చాలా భాగం ఖాళీ గోడే. సున్నం మీద మరకలు, మేకులు పీకేసిన బెజ్జాలు, పైన ఇంకా దిగే ఉన్న ఒక మేకు, ఆ మేకు నీడ. పాలు పోయడానికి ఆ మేకుతో ఏ సంబంధమూ లేదు. దాన్ని వదిలేసినా ఎవరూ అడగరు. అయినా వెర్మీర్ వదల్లేదు. ఎవరో ఎప్పుడో అక్కడ ఏదో తగిలించారు, తరవాత తీసేశారు. వాడిన గోడ అది. మనుషులు ఉంటున్న ఇల్లు అది. చిత్రంలోని ప్రశాంతత నమ్మదగినదిగా ఉండటానికి సగం కారణం ఆ మేకేనని నా అభిప్రాయం. మచ్చలేని గోడ ముందు ఆమెను నిలబెట్టి ఉంటే అది ఒక అలంకారమై పోయేది.

2022లో రైక్స్‌మ్యూజియం పరిశోధకులు పరారుణ కిరణాలతో రంగు పొరల కిందికి చూశారు. మొదట వెర్మీర్ ఆమె తల వెనక గోడకు కూజాలు తగిలించే చెక్కపట్టీ ఒకటి గీశాడు. కింద నేలమీద నిప్పుల బుట్ట కూడా గీశాడు. తరవాత రెండింటినీ రంగుతో కప్పేశాడు. ఇప్పుడు అక్కడ ఉన్నవి ఖాళీ గోడ, కాళ్లు వెచ్చబెట్టుకునే చిన్న పెట్టె. కూజాలు తీసేసి మేకును ఉంచాడన్నమాట. ఆ ఎంపికలో చిత్రకారుడి మనసంతా ఉంది. ఆ నిశ్శబ్దం ఆయనకు తయారుగా దొరకలేదు. పెట్టి, చూసి, వద్దనుకుని, కప్పి సాధించాడు. ఇంకో సంగతి. ఆమె నీలం ఏప్రాన్‌కు వాడినది లాపిస్ రాయి నూరి తీసిన అసలైన నీలం. అఫ్గానిస్తాన్ కొండల నుంచి వచ్చే ఆ రంగు వెల చాలా ఎక్కువ. చర్చి చిత్రాల్లో మేరీమాత వస్త్రానికి పొదుపుగా వాడే నీలాన్ని వెర్మీర్ వంటింటి పనిమనిషి నడుముకు చుట్టాడు. ఫెలిబియాన్ మెట్ల వరసకు ఇంతకన్నా గట్టి జవాబు, అదీ ఆయన దాన్ని రాయకముందే, ఇంకెవరూ ఇవ్వలేదు.

ఆ ఇల్లు మాత్రం ప్రశాంతమైనదేమీ కాదు. వెర్మీర్ దంపతులు ఆయన అత్తగారింట్లో ఉండేవారు. భార్య కాతరీనా సోదరుడు విలెమ్ కోపిష్ఠి. గర్భిణిగా ఉన్న కాతరీనా మీదికి ఇనుప మొన ఉన్న కర్రతో వచ్చాడని 1666లో నోటరీ ముందు ఇచ్చిన వాంగ్మూలాల్లో నమోదయింది. అప్పుడు అడ్డుపడి ఆమెను కాపాడినది ఇంటి పనిమనిషి. పేరు టాన్నెకె ఎవర్‌పూల్. పాలు పోస్తున్న స్త్రీ ఆమేనని కొందరు ఊహిస్తారు, రుజువు లేదు. రుజువు లేకపోయినా ఫరవాలేదు. ఆ ఇంట్లో శాంతి అనేది ఎవరి చేతుల మీద నిలిచిందో తెలియడానికి ఆ కాగితం చాలు. అది లేకపోతే ఆమె పేరే మనకు మిగిలేది కాదు. చిత్రకారుడి ఇంట్లో జరిగిన కొట్లాట వల్ల మాత్రమే ఒక పనిమనిషి చరిత్రలోకి వచ్చిందన్నది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

1672లో ఫ్రాన్స్ దండెత్తింది, హాలెండులో చిత్రాల వ్యాపారం కుప్పకూలింది. 1675 డిసెంబరులో, 43 ఏళ్ల వయసులో, వెర్మీర్ అప్పుల్లో చనిపోయాడు. పదకొండుమంది పిల్లలు మిగిలారు. రొట్టెల దుకాణానికి 600 గిల్డర్లకు పైగా బాకీ. ఆ బాకీ కింద కాతరీనా రెండు చిత్రాలను దుకాణదారు హెండ్రిక్ వాన్ బౌటెన్‌కు ఇచ్చింది. వెలుగు చుక్కలతో రొట్టె పెచ్చును అంత ప్రేమగా చిత్రించిన మనిషి ఇంట్లో రొట్టె అప్పు మీద వచ్చింది. 2023లో రైక్స్‌మ్యూజియం ఆయన చిత్రాలు 28 ఒకచోట చేర్చి ప్రదర్శిస్తే ఆరున్నర లక్షలమంది వచ్చారు. ఆయన వేసినవాటిలో మనకు మిగిలినవే నలభై లోపు.

డచ్చి బల్లమీది వస్తువులకూ మనకూ ఒక సంబంధం ఉంది, దాన్ని చెప్పుకోవడం న్యాయం. పీటర్ క్లాస్ 1627లో వేసిన విందు బల్ల చిత్రంలో పంచాంగం కాగితం చింపి చుట్టిన పొట్లంలో మిరియాలు ఉంటాయి. ఆ మిరియాలు డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వచ్చేవి. తూర్పు దీవుల్లో మిరియాలూ లవంగాలూ కొనడానికి వాళ్లకు వెండికన్నా ఎక్కువగా చెల్లిన సరుకు కోరమాండల్ తీరపు బట్ట. అందుకోసమే 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో డచ్చివాళ్లు వర్తక స్థావరం పెట్టారు. నరసాపురం, పాలకొల్లు, భీమునిపట్నం వైపు కూడా వాళ్ల అడుగులు పడ్డాయి. కాబట్టి ఆ చిన్న పొట్లం వెనక మన సాలెవాళ్ల మగ్గాలు ఉన్నాయి, దీవుల్లో బలవంతంగా తోటల్లో దింపిన మనుషులూ ఉన్నారు. బల్ల ప్రశాంతంగా ఉంది, ఆ బల్లకు సరుకు చేర్చిన దారి ప్రశాంతంగా లేదు. ఇది తెలిశాక ఆ చిత్రాన్ని అసహ్యించుకోనక్కర్లేదు. ఇంకాస్త ఎక్కువసేపు చూడాలి.

కింది మెట్టు వల్ల కలిగిన మేలూ ఒకటుంది. స్త్రీలకు ఆ మెట్టు మీద చోటు దొరికింది. నగ్న నమూనాను చూసి గీసే శిక్షణ వాళ్లకు ఇవ్వలేదు గనక చరిత్ర చిత్రాల దారి మూసుకుపోయింది. పండ్లు, చేపలు, వెన్న, పింగాణీ మాత్రం ఇంట్లోనే ఉన్నాయి. ఫ్లెమిష్ చిత్రకారిణి క్లారా పీటర్స్ 1611 నాటికే వెండి పాత్రలూ పూతపూసిన గిన్నెలూ వేసింది. ఆ గిన్నెల ఉబ్బు మీద మెరిసే చోట, భూతద్దం పట్టుకుని చూస్తే, కుంచె పట్టుకున్న ఒక స్త్రీ కనిపిస్తుంది. అది ఆమే. తన పేరు రాయడమే కాక తన రూపాన్నీ లోహం మీద నీడగా దాచిపెట్టింది. 2016లో మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం ఆమె చిత్రాలు పెట్టినప్పుడు, ఒక స్త్రీకి అక్కడ విడిగా ప్రదర్శన దక్కడం అదే మొదటిసారి. మ్యూజియం తెరిచి అప్పటికి దాదాపు రెండు వందల ఏళ్లు. పీటర్స్ తరవాతి కాలంలో, పారిస్‌లో 1770లో ఆన్ వలాయే కోస్తే అకాడమీలోకి ప్రవేశించింది కూడా వస్తుచిత్రాలతోనే. ఇరవయ్యో శతాబ్దపు మొదట్లో వేల్స్ నుంచి పారిస్ చేరిన గ్వెన్ జాన్ తన మిద్దెగది మూలను వేసింది. కిటికీ, చిన్న బల్ల మీద పూలు, అల్లిక కుర్చీ, దానికి ఆనించిన గొడుగు. ఇతర చిత్రకారులకు నమూనాగా కూర్చుని సంపాదించిన డబ్బుతో అద్దె కట్టుకున్న గది అది. అందులో మనిషి లేదు. అయినా ఎవరి గదో ఇట్టే తెలుస్తుంది. వేరొకరి ఇంటిని సర్దిపెట్టే పని కాదు, తనకోసం తాను సర్దుకున్న మూల.

కోపెన్‌హాగెన్‌లో విల్‌హెల్మ్ హామర్‌షోయ్ 1898 నుంచి 1909 దాకా స్ట్రాండ్‌గేడ్ వీధి 30వ నంబరు ఇంట్లో ఉన్నాడు. ఆ గదులనే పదేపదే, అరవై సార్లకు పైగా వేశాడు. బూడిద రంగు గోడలు, తెరిచిన తలుపులు, వెనక్కి తిరిగి నిలబడ్డ భార్య ఈడా. ఆమె మెడ కనిపిస్తుంది, మొహం కనిపించదు. 1900లో వేసిన ఒక చిత్రంలో కిటికీలోంచి పడ్డ ఎండలో దుమ్ము రేణువులు తప్ప ఇంకేమీ లేదు. ఆ ఎండ చాలా అందమైనది. కానీ నాకు ఆయన గదుల్లో ఎక్కువసేపు ఉండబుద్ధి కాదు. అక్కడ ఎవరూ వండరు, ఎవరూ తినరు, తలుపుకు గడియ కూడా ఆయన ఒక్కోసారి గీయడు. ఈడా చేతిలో పళ్లెం ఉన్నా ఆ పళ్లెంతో ఆమె ఎటు వెళుతోందో తెలియదు. ఈమధ్య ఇళ్ల అలంకరణ పత్రికలకు ఈ చిత్రాలు బాగా నచ్చుతున్నాయి. ఏ సామానూ లేని ఇల్లే శాంతి అన్న నమ్మకానికి అవి ఊతమిస్తున్నాయి. సామాను లేకుండా కనిపించే ఇంట్లో ఆ సామానంతా ఎక్కడో లోపల ఎవరో సర్దుతూనే ఉంటారు.

మొరాండి సంగతి వేరు. జార్జో మొరాండి 1890లో బొలోన్యాలో పుట్టి, 1964లో అక్కడే పోయాడు. పెళ్లి చేసుకోలేదు. తల్లితో, ముగ్గురు చెల్లెళ్లతో ఫొందాత్సా వీధిలోని ఇంట్లో బతికాడు. పడకగదే పనిగది. పాత సీసాలు, డబ్బాలు, పూలకూజాలు. కొన్నింటికి మెరుపు పోయేలా రంగు పూసేవాడు. వాటిమీద పేరుకున్న దుమ్మును తుడవనిచ్చేవాడు కాదు. బల్లమీద పరిచిన కాగితం మీద సీసాల అడుగుల చుట్టూ పెన్సిలుతో గీసుకుని, ఒకదాన్ని వేలెడు పక్కకు జరిపి మళ్లీ వేసేవాడు. ఇలా జీవితకాలంలో వెయ్యికి పైగా చిత్రాలు. అందులో నాలుగైదు సీసాల కథ చాలా పెద్దది. ఒకటి మరొకదాని వెనక దాక్కుంటుంది, ఇంకొకటి అంచు కలిపి నిలబడుతుంది, రెండింటి మధ్య ఉన్న ఖాళీకి కూడా ఒక ఆకారం వస్తుంది. ముప్పై ఏళ్ల పాటు ఒకే సామాను చూసినా ఆయనకు విసుగు రాలేదంటే, ఆ సామానులో ఏదో తరగనిది ఉందనే కదా.

ఆయన ప్రపంచానికి దూరంగా దాక్కున్నాడనే విమర్శ ఉంది. 1943లో ఫాసిస్టు వ్యతిరేకులతో స్నేహాల కారణంగా ఆయన్ని పట్టుకెళ్లి కొన్నాళ్లు జైల్లో ఉంచారు. తరవాత గ్రిజ్జానా అనే కొండ పల్లెకు కుటుంబం తరలిపోయింది. 1944 శరదృతువులో ఆ చుట్టుపక్కలే, మార్జబొట్టో ప్రాంతంలో, నాజీ సైన్యం వందలమంది పల్లెవాసులను ఊచకోత కోసింది. ఆ ఏళ్లలోనూ మొరాండి సీసాలు వేస్తూనే ఉన్నాడు. వాటిలో తుపాకుల పొగ కోసం వెతికితే దొరకదు. నాకు అది తప్పుగా అనిపించదు. చుట్టూ అన్నీ విరుగుతున్నప్పుడు, బల్లమీద నాలుగు పెళుసు వస్తువులను ఒకదాని పక్కన ఒకటి పడిపోకుండా నిలబెట్టడం కూడా ఒక రకమైన జవాబే. పైగా ఆ ఇల్లు నడిచింది చెల్లెళ్ల వల్ల. ఆన్నా, దీనా, మరియా తెరెసా. ఆ ముగ్గురూ ఇంటిపని చూసుకోబట్టే అన్నగారి సీసాల మీద దుమ్ము అలా పదిలంగా ఉండగలిగింది. మొరాండి గురించి రాసేవాళ్లు వాళ్ల పేర్లు రాయడం మరిచిపోకూడదు.

మన చిత్రకళ కూడా గోడలన్నీ పెద్ద కథలకే ఇచ్చింది. లేపాక్షి మండపం పైకప్పు మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం. శ్రీకాళహస్తి కలంకారీ మీద రామాయణం. చేర్యాల నకాశీ పటాల్లో కులపురాణాలు. వాటిలో కల్లుకుండ ఉంటుంది, మగ్గం ఉంటుంది. అవి కథ నడపడానికి వచ్చి వెళ్లిపోతాయి. బాపు గీతల్లో తెలుగు వంటిల్లు బోలెడంత ఉంది, అక్కడా కథ కోసమో నవ్వు కోసమో. కథ పక్కన పెట్టి, ఒక జాడీ మీద మధ్యాహ్నం వెలుతురు ఎలా పడుతుందో చూస్తూ కూర్చున్న సందర్భాలు మనకు తక్కువ. ఈలోగా ఆ సామాను వెళ్లిపోతోంది. ఇత్తడి గుండిగ, రాచ్చిప్ప, కవ్వం, తిరగలి చాలా ఇళ్లలో అటకెక్కాయి లేదా పాతసామానువాడి బండెక్కాయి. పోయినవాటి కోసం ఏడవమని కాదు. గ్రైండరు, గ్యాస్ పొయ్యి, ప్లాస్టిక్ డబ్బాలు, సింకులో నానబెట్టిన కుక్కరు కూడా చూడదగినవే. షార్దాన్‌కు రాగి తొట్టి పాత వస్తువు కాదు, వాడుకలో ఉన్న వస్తువు.

ఏటా మన బడుల్లో చిత్రలేఖనం పోటీలు జరుగుతాయి. పర్యావరణ పరిరక్షణ, జాతీయ నాయకులు, నీటి పొదుపు, పరిశుభ్రత. పిల్లలు భూగోళానికి కళ్లూ ముక్కూ పెట్టి, కన్నీళ్లు కార్పించి, కింద నినాదం రాసి ఇస్తారు. చూడకుండా వేయగల బొమ్మలు ఇవి. ఈసారి ఒక్క పోటీకైనా ‘మా వంటిల్లు’ అని విషయం ఇచ్చి చూడాలి. గంటలో వేసి ఇమ్మనకూడదు. వారం రోజులు గడువిచ్చి, ఇంట్లోనే కూర్చుని, రోజూ ఒకే వేళకు చూసి వేయమనాలి. గోడమీద జిడ్డు మరకలుంటే వేయమనాలి, మేకుంటే మేకు వేయమనాలి. అక్కడ పని చేస్తున్నది అమ్మో నాన్నో నాయనమ్మో, పనికి వచ్చే ఆంటీయో, వాళ్లను కదలకుండా నిలబడమని అడక్కుండా, వాళ్ల పని వాళ్లు చేసుకుంటుండగానే గీయమనాలి. ఆ బొమ్మలను బడి వరండాలో పిల్లల కంటి ఎత్తున తగిలించాలి. ఒక్కో బొమ్మ కింద అతికించే చీటీ మీద వేసిన పిల్లల పేరుతో పాటు, ఆ వంటింట్లో పనిచేసేవాళ్ల పేరు కూడా పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాయాలి.